ఒకసారి గుర్తుచెయ్యి

నేస్,
జనవరి ఆఖరి ఆదివారం.

అత్తయ్యా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశానని కంగారుపడకు. ఫోన్‌లో నేను ఏడుస్తూ కూడా "గ్రాండ్, అంతా గ్రాండ్" అనే అంటానని, నిజం చెప్పాలంటే కాగితం మీద రాసి పంపమని రూలు పెట్టింది నువ్వే. బాగున్నాను అనడానికి ఐర్లండ్ వచ్చాక నాకు ముందుగా పట్టుబడిన మాట అదొక్కటే, ఏం చేయను?

డబ్లిన్‌లో ఆ పెద్ద ఆసుపత్రిలో ఫార్మసీ రెసిడెన్సీ ఉందని చెప్పాను కదా. ఏడాదిపాటు వార్డుల్లో డాక్టర్లతో తిరుగుతూ, రోగులు వాడే మందులన్నీ చూసి, ఏది తగ్గించాలో ఏది మార్చాలో నేర్చుకునే శిక్షణ. ఉన్నది ఒక్కటే సీటు. దరఖాస్తు గడువు మొన్న శుక్రవారంతో అయిపోయింది. నేను పంపలేదు.

ఎందుకు పంపలేదంటావా? కంప్యూటర్ మొరాయించింది అనుకో.

పంపినా ఏం ఒరిగేదో తెలియదు. గుంటూరులో ఫార్మ్-డి అవగానే పెళ్లయింది. రేవంత్‌కి లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం, అతని వెనకాల నేను. ఇక్కడి రిజిస్ట్రేషన్ కోసం కాగితాలు, పరీక్షలు, మళ్లీ కాగితాలు. తీరా చూస్తే ఫార్మసిస్టుగా ఈ నేస్ మందుల షాపులో నిలబడింది పోయిన వేసవి నుంచే. అనుభవం రాయమన్న గడి చాలా పెద్దది, నాది ఒక్క లైనుతో అయిపోయింది. ఈ ఏడు కూడా పోతే వచ్చే ఏడు ఆ గడి ముందు కూర్చునే ధైర్యం నాకుండదు అత్తయ్యా. జీవితమంతా కౌంటర్ వెనకాల దగ్గు మందు అందిస్తూ ఉండిపోతాను.

అందుకే అడుగుతున్నాను. అక్కడి ఫార్మసీకి హెడ్డు మన రోజీ ఆంటీయే కదా. కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు నువ్వూ ఆవిడా ఒకే ఇంట్లో అద్దెకున్నారు, నీ గిన్నెలన్నీ చేపల పులుసు వాసన కొట్టించిన కేరళ రోజీ అని నువ్వే చెప్పేదానివి. ఒక్క ఫోన్ చెయ్యి. "మా మేనకోడలు, కాస్త చూడు" అంటే చాలు. రేవంత్ కూడా అదే అంటున్నాడు.

మేం నేస్‌కి మారినప్పుడు "వస్తాలే, ఒకసారి గుర్తుచెయ్యి" అన్నావు. నీ ఆసుపత్రి డ్యూటీల సంగతి తెలుసు కాబట్టి నిన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇదొక్కటీ మాత్రం కాదనకు.

నీ
నిఖిల


బాలింకాలిగ్,
ఫిబ్రవరి మొదటి వారం.

నిఖిలకు దీవెనలు. క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు చివాట్లు తిను.

రోజీకి నేను ఫోన్ చేయను.

ఆ ప్రకటన చివర చిన్న అక్షరాల్లో ఒక లైనుంది, చూశావా? ఎవరిచేతనైనా చెప్పించుకుంటే ఆ అభ్యర్థిని తీసేస్తారని. మనవాళ్లం ఆ లైను చదవం, చదివినా అది పక్కవాళ్ల కోసం రాశారనుకుంటాం. ఇంటర్వ్యూ బోర్డులో మొదటి కుర్చీ రోజీది. నేను ఫోన్ చేస్తే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది.

ఇక కంప్యూటర్ సంగతి. ఆరో క్లాసులో లెక్కల పరీక్ష రోజు పొద్దున కూడా నువ్వు "కడుపునొప్పి అనుకో" అన్నావు. ఆ "అనుకో" నాకు బాగా గుర్తు. అసలు కారణం వేరే ఏదో ఉంది. అది నాకు చెప్పకపోయినా పర్లేదు, నీకు నువ్వు చెప్పుకో.

గడువు దాటింది, నిజమే. దాటాక తలుపు పూర్తిగా వేసేశారో, ఓరగా ఉంచారో నీకు తెలుసా? అడిగావా? అడగలేదు. అడగకుండానే పోయిందని ఏడుస్తున్నావు. సోమవారం పొద్దున నువ్వే ఫోన్ చెయ్యి. నీ పేరు చెప్పు, ఆలస్యమైందని చెప్పు, తీసుకుంటారా అని అడుగు. లేదంటే లేదంటారు, అంతకన్నా ఏమీ కాదు.

నేను బాగానే ఉన్నాను. వార్డు నిండా ముసలివాళ్లు, అందరికీ దగ్గు. గాలివానకి మా వెనక కంచె పడిపోయింది, పక్కింటి పెద్దాయన వచ్చి నిలబెట్టాడు.

మీ అత్త
కృష్ణవేణి


నేస్,
ఫిబ్రవరి.

గౌరవనీయులైన అత్తయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే సోమవారం ఆసుపత్రికి ఫోన్ చేశాను. మీ స్నేహితురాలికి కాదు, ఉద్యోగాల విభాగానికే. దరఖాస్తులు తక్కువ వచ్చాయని గడువు ఈ నెలాఖరు దాకా పొడిగించారట. "పంపించండి, ఏం ఫర్వాలేదు, కానీ మీ పైఅధికారి రిఫరెన్సు లేకపోతే మాత్రం మేం చూడం" అన్నాడు ఆ అబ్బాయి. మీ సలహాకి కృతజ్ఞతలు.

మీరు అసలు కారణం అన్నారు కాబట్టి చెబుతున్నాను. కంప్యూటర్ బాగానే ఉంది. నా దగ్గర లేనిది ఆ రిఫరెన్సే.

మా షాపు హెడ్డు షినేడ్ మేడం. డిసెంబరులోనే అడిగాను. "తప్పకుండా రాస్తాను నిఖిలా, ఒకసారి గుర్తుచెయ్యి" అన్నారు. ఇస్తానన్న పెద్దావిడని మళ్లీ వెళ్లి అడగడం ఎలా? గుంటూరులో ప్రిన్సిపాల్‌గారి సంతకం కావాలంటే గది బయట నిలబడేవాళ్లం. ఆయన చూసేవారు, పిలిచినప్పుడు పిలిచేవారు. గుర్తుచేయడమంటే మీరు మర్చిపోయారని ముఖం మీద అనడమే కదా.

అందుకని నేనూ నిలబడ్డాను. రోజూ మేడం కంటపడే చోటే నిలబడ్డాను. టీ పెట్టి ఇచ్చాను. మేడం ఇష్టపడే బిస్కెట్లు తెచ్చి అలమారాలో పైఅరలో పెట్టాను. నన్ను చూస్తే గుర్తొస్తుంది కదా అనుకున్నాను. మేడం "యు ఆర్ వెరీ గుడ్" అనేవారు, టీ తాగేవారు, కప్పు కడిగి పెట్టేవారు. జనవరి అంతా అలాగే గడిచింది. ఆఖరి శుక్రవారం షాపు మూసేటప్పుడు కూడా కోటు వేసుకుంటూ "హ్యావ్ ఎ లవ్లీ వీకెండ్" అని వెళ్లిపోయారు. నేను ఇంటికి రాకుండా కారులోనే కూర్చుని ఏడ్చాను.

ఇది బయటికి చెబితే నవ్వుతారని రేవంత్‌కి కూడా చెప్పలేదు. నిజం చెప్పు అత్తయ్యా, పెద్దవాళ్లని రెండోసారి అడగడం నీకు మాత్రం మొరటుగా అనిపించదా?

నిఖిల


బాలింకాలిగ్,
ఫిబ్రవరి.

అమ్మాయ్,

గౌరవనీయులతో మొదలుపెట్టి, మీరు మీరు అంటూ వచ్చి, ఆఖరి లైనుకి నువ్వులోకి దిగావు. నీ కోపం ఒక్క ఉత్తరానికి కూడా సరిపోలేదు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది.

నవ్వలేదు. నవ్వలేదంటే కొంచెం నవ్వాను, బిస్కెట్ల దగ్గర. తర్వాత బాధేసింది. నెల రోజులు టీ కప్పు పట్టుకుని నిలబడ్డ పిల్లని తల్చుకుంటే ఎవరికి బాధేయదు?

ఈ దేశంలో గుర్తుచెయ్యి అంటే గుర్తుచెయ్యమనే అర్థం. "నాకు వంద పనులున్నాయి, నీ పని ఆగిపోకూడదు, కాబట్టి నన్ను తట్టు" అని నీకు అనుమతి ఇవ్వడం. ఆవిడ దృష్టిలో అదే మర్యాద. నువ్వు నోరు తెరవకపోతే ఆవిడ ఏమనుకుంటుంది? నీకు అక్కర్లేదనుకుంటుంది.

ఇంకో మాట, ఇది డాక్టరుగా చెబుతున్నాను. రేపు నువ్వు వార్డులో ఉంటావు. ఒకావిడకి వాడకూడని మందు రాసి ఉంటుంది. డాక్టరు "చూస్తాను, గుర్తుచెయ్యి" అని వెళ్లిపోతాడు. అప్పుడు కూడా టీ పట్టుకుని నిలబడతావా? మా వార్డు ఫార్మసిస్టు నన్ను పొద్దున్నుంచి మూడుసార్లు ఆపుతుంది. నాకు విసుగే. కానీ ఆ అమ్మాయి సెలవు పెట్టిన రోజున నాకు భయంగా ఉంటుంది.

అనుభవం లేదంటున్నావు. మరి హనుమత్ప్రసాద్ గారి సంగతేమిటి? నువ్వే చెప్పావు ఫోన్‌లో. కూతురింటికి వచ్చిన ఆ పెద్దాయన, గుంటూరు నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు ఓ పక్క, ఇక్కడి జీపీ డాక్టరు రాసినవి ఓ పక్క వేసుకుంటూ కళ్లు తిరిగి పడబోయారు. రెండూ ఒకే మందు, పేర్లు వేరు. "ఇంటి నుంచి ఏం తెచ్చుకున్నారు బాబాయ్‌గారూ?" అని అడిగింది నువ్వు. జీపీకి ఫోన్ చేసింది నువ్వు. ఆ తర్వాత మనవాళ్ల పెద్దలందరినీ మాత్రల సంచితో సహా రమ్మని శనివారాలు కూర్చోబెట్టి చూస్తున్నదీ నువ్వే. ఆ గడిలో అది రాయి.

ముందు మాత్రం షినేడ్ దగ్గరకి వెళ్లు. చేతిలో కప్పు లేకుండా వెళ్లు.

అత్త


నేస్,
మార్చి మొదటి ఆదివారం.

అత్తయ్యా,

వెళ్లాను. కప్పు లేకుండానే. "షినేడ్, రిఫరెన్సు గుర్తుచేయమన్నారు, గుర్తుచేస్తున్నాను" అన్నాను. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఆవిడ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "నువ్వు మళ్లీ ఆ మాటే ఎత్తకపోతే మనసు మార్చుకున్నావనుకున్నాను. నా మొహం చూసి చెప్పలేక రోజూ టీ ఇస్తున్నావనుకున్నాను. అడిగి నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను" అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మందుల అరల మధ్య పిచ్చివాళ్లలా నవ్వాం. సాయంత్రానికి రాసి పంపేసింది. శనివారం సంచుల సంగతి నేను చెప్పకుండానే అందులో రాసింది.

హనుమత్ప్రసాద్ గారి సంగతి నేనూ రాశాను. మనవాళ్లకి చేసే సాయం ఉద్యోగం ఎలా అవుతుందని చివరిదాకా అనుమానమే. బుధవారం పిలుపు వచ్చింది. పదిహేనున ఇంటర్వ్యూ!

ఇంతవరకూ సంతోషం. ఇప్పుడు అసలు ఉపద్రవం. ఇక్కడ మా తెలుగువాళ్లకి అనంతరామ్ అంకుల్ పెద్దదిక్కు. లీజు సంతకాల దగ్గర్నుంచి ఎయిర్‌పోర్టు దాకా అన్నీ ఆయనే. రేవంత్ నోరు ఊరుకోక ఇంటర్వ్యూ సంగతి చెప్పాడు. ఇవాళ భోజనాలకి వెళ్తే అంకుల్ నన్ను పక్కకి పిలిచి, "నీ పని అయిపోయిందనుకోమ్మా. మొన్న డబ్లిన్ వెళ్లినప్పుడు మీ ఆసుపత్రి ఫార్మసీలో ఓ డబ్బా పూతరేకులు ఇచ్చొచ్చా. మీ హెడ్డు మేడం కోసమని, మా అమ్మాయి నిఖిల ఇంటర్వ్యూకొస్తోంది, కాస్త చూసుకోండని చీటీ కూడా పెట్టా" అన్నారు.

ఆయన ముఖం అంత వెలిగిపోతుంటే ఏమనగలను? థ్యాంక్స్ అంకుల్ అన్నాను. వచ్చి మంచం మీద పడ్డాను. చిన్న అక్షరాల లైను ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. తీసేస్తారా అత్తయ్యా?

నిఖిల


బాలింకాలిగ్,
మార్చి.

నిఖిలా,

తీసేయవచ్చు. అబద్ధం చెప్పి నీకు ధైర్యం ఇవ్వను.

ఈ ఉత్తరం అందిన రోజే ఉద్యోగాల విభాగానికి రాయి. ఎవరు ఇచ్చారు, ఏమని ఇచ్చారు, నీకు ఎప్పుడు తెలిసింది, అంతే. అంకుల్‌ని వెనకేసుకు రావద్దు, ఆయన మీద నెట్టనూ వద్దు. ఇంటర్వ్యూలో కూర్చోగానే నోటితో కూడా చెప్పు. వాళ్లు అడిగేదాకా ఆగకు. ఆగడం నీకు ఎలా అలవాటో మనిద్దరికీ తెలుసు.

ఆయన్ని ఏమీ అనకు. మన ఊళ్లో ఆడపిల్ల పరీక్షకి వెళ్తే నలుగురు వెంట నడుస్తారు. ఆయన నడిచింది అలాగే.

నేను రోజీకి ఇప్పుడూ ఫోన్ చేయను. మళ్లీ నా మీద కోపం వస్తుంది, రానీ. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. నా చేతులతో ఎత్తుకు పెంచిన పిల్ల నన్ను అడగక అడగక ఒక్కటి అడిగితే లేదనడం నాకు తేలిక అనుకున్నావా?

అత్త


నేస్,
ఏప్రిల్ మొదటి వారం.

అత్తయ్యా,

ఇంటర్వ్యూ అయిన రోజున రాయలేదు, కావాలనే. ఫలితం తెలిశాక రాద్దామని ఆగాను. ఈ ఒక్క ఆగడం క్షమించు.

లోపలికి వెళ్తే ముగ్గురున్నారు, రోజీ ఆంటీ లేరు. నువ్వు ఫోన్ చేయకపోయినా నీ స్నేహితురాలు ఎదురుగా ఉంటారు, తెలిసిన ముఖం ఒకటి కనిపిస్తుంది అన్న ధైర్యంతో వెళ్లాను. ఆ కుర్చీలో ఎవరో తెల్లజుట్టు పెద్దాయన. "హెడ్ గారు ఈ సీటు ఎంపిక నుంచి తప్పుకున్నారు, నేను వేరే ఆసుపత్రి నుంచి వచ్చాను" అన్నాడు.

అయినా కూర్చోగానే పూతరేకుల సంగతి చెప్పాను. నేను పంపలేదని, నా కోసమే పంపారని, తెలిసిన ఆ వారంలోనే రాశానని. పెద్దాయన కాగితాలు తిరగేసి, "మీ మెయిల్ చూశాం. డబ్బా కూడా కానుకల రిజిస్టరులో ఎక్కింది. దాన్ని విప్పిన అమ్మాయి ఈ కాగితాలు ఎందుకు పంపారని గంటసేపు చదవడానికి చూసింది" అన్నాడు. నవ్వబోయి ఆపుకున్నాను. తర్వాత ఆయనే గంభీరంగా "దీని మీద మేం వేరుగా మాట్లాడుకోవాలి" అన్నాడు.

"మీకు అనుభవం చాలా తక్కువ. మిగిలినవాళ్లకి నాలుగేళ్లు, అయిదేళ్లు ఉంది. మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?" అని పక్కావిడ అడిగింది. హనుమత్ప్రసాద్ గారి సంగతి చెప్పాను. జీపీ ఆ రోజు తిరిగి ఫోన్ చేస్తానని చేయలేదని, నేను మళ్లీ చేశానని, అప్పటికీ దొరక్కపోతే మూడోసారి చేశానని చెప్పాను. "విసుక్కోలేదా ఆయన?" అంది. విసుక్కున్నారు, మాత్ర మాత్రం ఆపించారు అన్నాను. చెబుతుంటే నాకే ఆశ్చర్యమేసింది. రోగి కోసం మూడుసార్లు అడిగినదాన్ని, నా కోసం రెండోసారి అడగలేక నెల రోజులు టీ మోశాను.

అత్తయ్యా, సీటు నాకే వచ్చింది. సెప్టెంబరులో చేరాలి. రేవంత్ ఫ్యాక్టరీ బూట్లతోనే ఇల్లంతా గెంతాడు. అనంతరామ్ అంకుల్ అదంతా పూతరేకుల మహిమే అంటున్నారు.

రోజీ ఆంటీ నిన్న ఫోన్ చేసి అభినందించారు. మీరెందుకు తప్పుకున్నారు ఆంటీ అంటే, "మీ అత్తనే అడుగు మోళే" అని, మలయాళంలో బిడ్డా అని పిలిచి పెట్టేశారు. ఏం చేశావు?

నిఖిల


బాలింకాలిగ్,
ఏప్రిల్.

నా తల్లీ,

ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని చదివాను, వార్డుకి తీసుకెళ్లి మా ఫార్మసిస్టు అమ్మాయికి అర్థం చెప్పి మరీ చదివి వినిపించాను. ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు రాదు.

ఫోన్ చేయనన్నాను. ఉత్తరం రాయనని అనలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే రోజీకి రాశాను. "నా మేనకోడలు ఈ సీటుకి రావచ్చు. పేరు నిఖిల. నువ్వు ఆ కుర్చీలో కూర్చోవద్దు" అని. అది పాపం వెంటనే తప్పుకుంది. అందుకే అనంతరామ్ గారి డబ్బా ఎంపికలో లేని మనిషి పేరు మీద చేరింది, నీకు అడ్డు రాలేదు.

అవును, నీకున్న ఒక్క తెలిసిన ముఖాన్నీ అక్కడి నుంచి లేపేసింది నేనే. నీకు చెప్పకుండా చేశాను. రోజీ అక్కడ కూర్చుని ఉండగా నీకు సీటు వస్తే, అది నీ చదువుకి వచ్చిందో మా చేపల పులుసుకి వచ్చిందో నీకే ఎప్పటికీ తెలిసేది కాదు. ఇప్పుడు నీకు తెలుసు. ఆ గదిలో ఉన్నవాళ్లెవరికీ నువ్వు ఎవరి అమ్మాయివో తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. షినేడ్ సంగతి రాసినప్పుడు నేను బిస్కెట్ల దగ్గర నవ్వి, ఆ తర్వాత బాధేసిందన్నాను. బాధ నీ కోసం ఒక్కటే కాదు. రెండేళ్ల కిందట నీకు "వస్తాలే, ఒకసారి గుర్తుచెయ్యి" అన్నాను. నువ్వు గుర్తుచేయలేదు. కొత్త కాపురం, చివాట్లు పెట్టే అత్త ఎందుకులే అనుకున్నావేమోనని నేనూ మళ్లీ ఎత్తలేదు. ఆదివారాలు సెలవు పడితే నేస్ దాకా రైలెంతసేపో చూసుకుని ఊరుకునేదాన్ని. ఐర్లండ్‌లో ఇన్నేళ్లున్నదాన్ని, ఇంకొకరికి ఆ మాటకి అర్థం చెప్పినదాన్ని, నా మటుకు నేను గుంటూరులోనే ఉండిపోయాను.

అత్త


నేస్,
ఏప్రిల్, నీ ఉత్తరం అందిన గంటకే.

అత్తయ్యా,

గుర్తుచేస్తున్నాను.

వచ్చే శనివారం రా. రైలు దిగేచోట రేవంత్ ఉంటాడు. షాపులో నా సంచుల పని మధ్యాహ్నానికి అయిపోతుంది, హనుమత్ప్రసాద్ గారు కూడా నిన్ను చూడాలంటున్నారు. గుత్తొంకాయ చేస్తాను. పైగదిలో మంచం మేం ఈ ఇంటికి వచ్చిన వారమే కొన్నాం. అది నీకోసమని ఇంతవరకూ నీకు చెప్పలేదు. దాని మీద ఎవరినీ పడుకోనివ్వలేదు.

డ్యూటీ ఉందంటే మంగళవారం మళ్లీ గుర్తుచేస్తాను. గురువారం కూడా.

నీ
నిఖిల